పన్నెండు వేల చుట్లు

ఆ ఏడు వానలు మొదలైన వారానికే మా బావ గిటారు మూగబోయింది. వరండా పైకప్పు కారి, గోడకి ఆనించిన పెట్టెలోకి నీళ్ళు దిగాయి. మేమెవరం చూసుకోలేదు. శనివారం సాయంత్రం వాయించడానికి బయలుదేరుతూ బావ పెట్టె తెరిస్తే, చెక్క మీద బూజు, తీగల కింద పచ్చటి చిలుము. యాంప్లిఫయర్‌కి తగిలించి మీటాడు. ఉలుకూ పలుకూ లేదు.

"పికప్‌లు పోయాయి," అన్నాడు, పోయింది చుట్టమైనట్టు.

ఎలక్ట్రిక్ గిటారుకి ప్రాణమంతా ఆ పికప్‌లలోనే. తీగల కింద చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ వేలాది చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్లలో కాస్త కరెంటు పుడుతుంది. యాంప్లిఫయర్ దాన్నే పెంచి మన చెవిన వేస్తుంది. చుట్టు తెగిందా, అంత గిటారూ బట్టలు ఆరేసుకోవడానికి కూడా పనికిరాదు.

మా బావకి సంగీతం పూట గడిపే పని కాదు. పగలంతా కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేసి అద్దాలు బిగిస్తాడు. శనివారం సాయంత్రాలు మాత్రం స్టేషన్ పక్క రెస్టారెంట్ మేడ మీద హాల్లో వాయిస్తాడు. డ్రమ్స్ వాయించేది బ్యాంకు గుమాస్తా, పాడేది స్కూలు టీచరమ్మ. ముగ్గురూ పదేళ్ళుగా వారానికి మూడు గంటలు ఆ హాలుకి మహారాజులు. అయితే హాలు ఓనరు ఈ మధ్య రెండు పెద్ద స్పీకర్లు కొని మూల పెట్టాడు. రికార్డు పాటలు వేసుకుంటే ఆలస్యంగా రావు, టీ అడగవు అని వాళ్ళకి వినపడేట్టే అంటున్నాడు.

కొత్త పికప్‌లు తెప్పించుకుంటే నెలన్నర పడుతుందన్నారు. ఓనరు మూడు శనివారాలు గడువిచ్చాడు. బావ అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నాడు. అక్క నావైపు చూసింది. నాకు ముక్కు మీద కోపం, నోటికి తొందర. అక్కకి ఆ రెండూ బాగా తెలుసు.

"దాందేముంది బావా, నేను చుట్టి ఇస్తాను," అనేశాను.

ఎందుకంటే చుట్టడమే మా ఇంటి పని. నాన్నది మోటార్లు రీవైండింగ్ షాపు. కాలిపోయిన పంపులు, ఫ్యాన్లు, మిషన్ల మోటార్లు వస్తాయి. పాత తీగ పీకి కొత్తది చుట్టిస్తాం. మూడేళ్ళుగా నాన్న వేళ్ళకి తిమ్మిరి. తీగ వేళ్ళ మధ్య ఉందో లేదో తెలియదు. కాబట్టి చుట్టేది నేను, పక్కన కుర్చీ వేసుకుని వంకలు పెట్టేది ఆయన. షాపుకొచ్చేవాళ్ళు మాత్రం నా తల మీంచి ఆయనతోనే మాట్లాడతారు.

నాన్న నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "చుట్టుకో. ఎలాగూ ఈ వానాకాలమే. వానలు తగ్గాక షాపు ఖాళీ చేసేద్దాం. పక్క ఫోన్ల షాపతను గది అడుగుతున్నాడు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఖాళీ చేయడమేంటి నాన్నా? నేను లేనా?"

"ఉన్నావు. బాగా చుడతావు. నా కంటే నున్నగా చుడతావు."

"మరి?"

"చుట్టడం షాపు కాదమ్మా. చుట్టింది చెడిపోయి తిరిగొస్తే ఎదురుగా నిలబడాలి. అది షాపు."

అంతకు ముందు నెలలో నేను చుట్టిన పంపు ఒకటి నాలుగో రోజునే పొగ చిమ్ముకుంటూ తిరిగొచ్చింది. దాని యజమాని గుమ్మంలో నిలబడి చిందులు తొక్కుతుంటే, నేను వెనక గదిలో ఇనప బీరువా చాటున దాక్కున్నాను. చివాట్లన్నీ నాన్న తిన్నాడు. ఆ తర్వాత నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

మర్నాటి నుంచి నాకు పికప్‌లే లోకం. షాపు మూతపడితే నేనేం చేయాలో నాకు తెలియదు, ఇంకో పని రాదు, రావాలనీ లేదు. ఇవి అదిరిపోయేలా చుట్టి చూపిస్తే నాన్న మనసు మారుతుందని నా ఆశ. పాత చుట్టు ఒకటి మెల్లగా విప్పుతూ లెక్క చూశాను. సుమారు ఎనిమిది వేలు. పాత టెలిఫోన్ పెట్టెల్లోంచి తీసిన సన్నటి తీగ నాన్న సొరుగులో ఉంది. చుట్టే మిషన్ పిడి మెల్లగా తిప్పాలి, ఎడమ చేత్తో తీగని పక్కకి పక్కకి నడపాలి. తుమ్మొస్తే తెగుతుంది. మూడు సార్లు తెగింది. అక్క టీ పట్టుకొస్తే, "అక్కడే ఉండు, గాలి తగులుతుంది," అని గుమ్మంలోనే ఆపాను. ఆవిడ ఆ టీ తనే తాగి వెళ్ళిపోయింది.

ఎనిమిది వేల దగ్గర ఆగలేదు. మాకు మోటార్లలో తీగ దట్టంగా పడితే ముచ్చట. చోటుంటే వదిలే అలవాటు మా వంశంలో లేదు. ఎనిమిది వేలకే అంత బాగా పలికితే పన్నెండు వేలకి ఎలా పలకాలి! రెండింటికీ పన్నెండేసి వేలు దట్టించి, మైనంలో ముంచి, ఆరబెట్టి, బావ గిటారుకి బిగించాను. అప్పటికి రెండు శనివారాలు గడిచిపోయాయి.

బుధవారం సాయంత్రం ముందు గదిలో అందరం చేరాం. బావ యాంప్లిఫయర్ ముందు వంగి, మీటల్ని ఒక్కొక్కటిగా వాటి గుర్తుల దగ్గరకి తిప్పాడు. పెళ్ళైన కొత్తలో అక్క తెల్లటి గోళ్ళరంగుతో పెట్టిన చుక్కలవి. గిటారు నుంచి వచ్చే బలం పెంచే గెయిన్ ఎనిమిది, లావు గొంతుకి బేస్ ఏడు, సన్న గొంతుకి ట్రెబుల్ మూడు. పదేళ్ళుగా వాటిని వెంట్రుకవాసి కదపలేదు. ఇల్లు ఊడ్చేటప్పుడు పొరపాటున చెయ్యి తగిలినా బావ పరిగెత్తుకొచ్చి సరిచేసుకునేవాడు.

తీగ మీటాడు.

ఏం చెప్పను! కిటికీ అద్దాలు గడగడలాడాయి. శ్రుతి కాదు, స్వరం కాదు, తడి దుప్పటి కప్పుకుని ఎవరో గుర్రు పెడుతున్నట్టు ఒకటే బొంగురు. బావ ఇంకో తీగ మీటాడు. అదే బొంగురు, ఇంకాస్త కోపంగా. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "మీ మిక్సీ పాడైనట్టుందమ్మా," అంది.

అక్క నవ్వు ఆపుకోలేక లోపలికెళ్ళింది. బావ పాపం మంచివాడు. "పర్లేదులే మరదలా, అలవాటవుతుంది," అన్నాడు. ఆ జాలికి నాకు ఒళ్ళు మండింది. చెప్పులేసుకుని బయటికి నడిచాను.

"ఎక్కడికి?" అన్నాడు నాన్న, పేపరు దించకుండా.

"షాపులో పనుంది."

"బీరువా చాటునా?"

ఆగిపోయాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎన్ని చుట్టావు?"

"పన్నెండు వేలు."

"ఎందుకన్ని?"

"బలంగా ఉంటుందని."

"బలం వచ్చిందిగా. మరి ఏడుస్తావెందుకు?"

ఆ మాట అని పేపర్లో మునిగిపోయాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని రాత్రి అన్నం మానేశాను. అక్క బిస్కెట్లు తెచ్చిస్తే కోపంగానే అన్నీ తిన్నాను.

గురువారం షాపులో ఒక ఫ్యాన్ మోటారు చుట్టడం పూర్తయింది. మా పద్ధతి ఒకటుంది. కొత్తగా చుట్టిన మోటారుకి మొదటే పూర్తి కరెంటు ఇవ్వం. మధ్యలో బల్బు ఒకటి పెట్టి కాస్త కరెంటే పోనిస్తాం. బల్బు వెలిగే తీరు చూసి, అంతా బాగుంటే అప్పుడు పెంచుతాం. పాత మోటారు ఎంత లాగేదో కొత్తదానికి అనవసరం, కొత్తది ఎంత లాగుతుందో అదే చెబుతుంది. ఆ బల్బు తగిలిస్తూ తగిలిస్తూ టక్కున ఆగి నాలుక కరుచుకున్నాను. పాత పికప్‌లది పీల గొంతు. అందుకే బావ గెయిన్ ఎనిమిదికి పెట్టుకున్నాడు, లావు రావడానికి బేస్ ఏడుకి తిప్పుకున్నాడు. ఆ చుక్కలు యాంప్లిఫయర్‌వి కావు, చచ్చిపోయిన పికప్‌లవి! వాటి దగ్గర పెట్టి నా పన్నెండు వేల చుట్లకి మొదటి క్షణమే పూర్తి కరెంటు ఇచ్చాం.

నాన్న వైపు చూశాను. కిటికీలోంచి వాన చూస్తున్నాడు, మహా అమాయకంగా.

ఆ సాయంత్రం బావ ఇంటికొచ్చేసరికి మీటలన్నీ సున్నాకి తిప్పి కూర్చున్నాను. చూసి గుండె పట్టుకున్నాడు.

"ఎంత పని చేశావే! చుక్కలు..."

"చుక్కలకి సెలవు బావా. ముందు ఆ స్క్రూడ్రైవరు ఇటివ్వు."

పికప్‌లని తీగలకి దూరంగా, మధ్యలో రెండు నాణేలు పట్టేటంత కిందికి దించాను. యాంప్లిఫయర్‌కి గిటారు తగిలించే రంధ్రాలు రెండుంటాయి. బలమైన పికప్‌ల కోసం పెట్టిన రెండోదాన్ని బావ పదేళ్ళలో ఎప్పుడూ వాడలేదు. దానిలోని సాలెగూడు తుడిచి తగిలించాను. గెయిన్ మెల్లగా పెంచుతూ పోయాను. మూడున్నర దగ్గర గొంతు గీరుకుంది. మూడుకి తగ్గించాను.

"ఇప్పుడు మిగతావి అన్నీ కలిపి తిప్పేద్దామా?" అన్నాను.

అప్పుడు బావ లేచి నిలబడ్డాడు. కళ్ళజోళ్ళ షాపులో ఉండే బావ, నేనెప్పుడూ చూడని బావ. "అన్నీ కలిపి తిప్పితే ఏది బాగుచేసిందో ఎలా తెలుస్తుంది? ఒక అద్దం మార్చాలి, అడగాలి. ఇంకోటి మార్చాలి, అడగాలి. అడిగేటప్పుడు మన మొహం వాళ్ళకి కనపడకూడదు. కనపడితే డాక్టరుకి ఏది ఇష్టమో అదే చెప్తారు." అని అక్కని పిలిచి గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు. "నువ్వు పేషెంటువి."

"నాకే రోగమూ లేదు," అంది అక్క.

బావ ఒకే ఒక ముక్క పదే పదే వాయించాలి, నేను ఒక్క మీట మాత్రం తిప్పాలి. బేస్ ఐదు, బేస్ మూడు.

"ఇది బాగుందా, ముందుది బాగుందా?"

"ఇది."

ట్రెబుల్ ఐదు. ట్రెబుల్ ఏడు.

"ఇది బాగుందా, ముందుది బాగుందా?"

"ఇది. అబ్బ, ఇదేంటి, చెవిలో మూత తీసినట్టుంది!"

ట్రెబుల్ తొమ్మిదికి పోయి, మళ్ళీ ఏడుకే వచ్చాను. రెండింటికీ మధ్య గొంతుకి ఉన్న మిడిల్ మీట అటూ ఇటూ జరిపాను. అక్క ఒకసారి ఇది అంటుంది, ఒకసారి అది అంటుంది, మధ్యలో "పొయ్యి మీద పాలు" అని లేవబోతుంది. బావ వదలడు. అరగంటకి ముగ్గురికీ బుర్ర తిరిగిపోయింది. మిడిల్ ఆరు వాయించాం, నాలుగు వాయించాం.

"ఇది బాగుందా, ముందుది బాగుందా?"

అక్క తేల్చుకోలేక నానుస్తోంది.

"ముందుదే," అన్నాడు నాన్న.

ముగ్గురం అటు తిరిగాం. పేపరు మొహానికి అడ్డంగానే ఉంది. ఆయన్నెవరూ అడగలేదు. బావ వాయించేది వినడం మాట అటుంచి, రేడియో అయినా వార్తలవగానే కట్టేసే మనిషి.

"మామయ్యా, మీరు వింటున్నారా?"

"చెవులున్నాయిగా," అని పేజీ తిప్పాడు.

మిడిల్ ఆరు దగ్గరే ఉంచాను. అక్క దూది తెచ్చి తెల్ల చుక్కలు తుడిచేసి, కొత్తచోట్ల ఎర్ర చుక్కలు పెట్టింది. బావ ఎర్ర చుక్కలకేసి భక్తిగా చూశాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

శనివారం హాలు కిటకిటలాడింది. బయట వాన కాబట్టి వచ్చినవాళ్ళు కదలడం లేదు, వెళ్ళాల్సినవాళ్ళు వెళ్ళడం లేదు. ఆశ్చర్యం ఏంటంటే నాన్న కూడా వచ్చాడు. వెనక బల్ల దగ్గర నేను, అక్క, ఆయన. ఓనరు కొత్త స్పీకర్ల పక్కన, స్విచ్చు మీద చెయ్యేసి నిలబడ్డాడు.

బావ మీటలు ఎర్ర చుక్కల దగ్గర పెట్టి, టీచరమ్మకి తలూపి, మొదలుపెట్టాడు.

బొంగురు. మా ఇంట్లో అంత కాకపోయినా బొంగురే. ముందు గదిలో గలగల పలికింది కాస్తా ఇక్కడ అన్ని తడిబట్టల మనుషుల్లో ఇంకిపోయింది. కింద చెక్క వేదిక బేస్‌కి తాళం వేస్తూ దుమ్ దుమ్ అంటోంది. పైగా పాట ఆగినప్పుడల్లా సన్నగా జుయ్ మనే మోత. బావ చుక్కలకేసి చూస్తాడు, సరిగ్గానే ఉన్నాయి, మళ్ళీ వాయిస్తాడు. చెమటలు కారిపోతున్నాయి. ముందు బల్ల వాళ్ళు మొహాలు చూసుకున్నారు. పాట ఎలాగో అయింది. నాలుగు చప్పట్లు, అందులో రెండు అక్కవి.

ఓనరు వేదిక వైపు నడిచాడు. "ఇంక చాల్లెండి సార్. చూద్దామన్నాను, చూశాను."

మెట్లు నాకు నాలుగడుగుల్లో ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, నా కాళ్ళు అటే తిరిగాయి. ఆ పికప్‌లు చుట్టింది నేనని బల్లల దగ్గర ఎవరికీ తెలియదు. తలొంచుకుని దిగిపోతే ఎవరూ చూడరు. నాన్న నావైపు చూడటం లేదు, నీళ్ళ గ్లాసు కేసి చూస్తున్నాడు. అంత జాగ్రత్తగా గ్లాసును చూసే మనిషిని నేనెక్కడా చూడలేదు.

లేచాను. బల్లల మధ్య నుంచి నడుచుకుంటూ వేదిక ఎక్కాను.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు ఓనరు.

"ఆ గిటారు పికప్‌లు నేను చుట్టాను. బాగోలేకపోతే తప్పు నాది, ఆయన వాయించడంలో లోటు లేదు. ఒక్క ఐదు నిమిషాలివ్వండి."

మెల్లగానే అన్నాను. కానీ పక్కనే టీచరమ్మ మైకు ఆన్‌లో ఉంది. హాలంతా విన్నది. ఎవరో వెనక నుంచి, "ఇవ్వండి సార్, వాన తగ్గలేదుగా," అన్నారు. జనం నవ్వారు. ఓనరు పక్కకి తప్పుకున్నాడు.

బ్యాంకు గుమాస్తా, నేను యాంప్లిఫయర్‌ని ఎత్తి కుర్చీ మీద పెట్టాం. నేలతో తెగతెంపులు కాగానే దుమ్ దుమ్ సగం పోయింది. ఎర్ర చుక్కల్ని పట్టించుకోకుండా బేస్ ఒకటికి దించాను.

"ఏయ్, చుక్క..." అన్నాడు బావ.

"చుక్క మన ముందు గదిది బావా. ఇది హాలు. వాయించు."

వాయించాడు. ట్రెబుల్ ఎనిమిది. అలవాటున బావ నోట్లోంచి వచ్చేసింది, మైకులోంచి హాలంతటికీ: "ఇది బాగుందా, ముందుది బాగుందా?"

ఆ హాల్లో సగం మంది కళ్ళజోళ్ళు ఆయన బిగించినవే. ఒక్కసారిగా అరిచారు: "ఇది!"

తొమ్మిదికి పోయాను.

"ఇది బాగుందా, ముందుది బాగుందా?"

"ఇది!" "కాదు, ముందుది!" వాదులాట మొదలైంది. ఎనిమిదిన్నరకి రాజీ కుదిర్చాను. ఇక ఆ జుయ్ మోత ఒక్కటే మిగిలింది. దాని మూలం నాకు అంతుపట్టడం లేదు. తీగలు పట్టుకు చూశాను, తగిలించిన చోట కదిపి చూశాను. అంతలో వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. నాన్న లేచి గోడ దగ్గరికెళ్ళి, ఎవర్నీ అడక్కుండా, సగం మీద తిరుగుతున్న ఫ్యాన్ల రెగ్యులేటర్లు నాలుగూ ఒక్కొక్కటిగా ఆఖరికంటా తిప్పేశాడు. బల్లల మీద కాగితం రుమాళ్ళు లేచి ఎగిరాయి. ఎవరిదో బిల్లు కూడా పోయింది. మోత ఠక్కున ఆగింది. సగం మీదున్న రెగ్యులేటర్లు కరెంటుని తరిగి పంపే రొదనే నా పికప్‌లు పట్టుకుంటున్నాయి. ఆయన తాపీగా వచ్చి మళ్ళీ గ్లాసు ముందు కూర్చున్నాడు.

బావ కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. ఆ చిన్న హాల్లో నా పన్నెండు వేల చుట్లు విప్పుకుని పాడాయి. పాత పికప్‌ల పీల గొంతు కాదు, నిండుగా, గుండ్రంగా, ప్రతి తీగా విడివిడిగా. టీచరమ్మ పాట ఎత్తుకోవడం మరిచిపోయి బావకేసి చూస్తూ నిలబడింది. నేను వేదిక మెట్టు మీదే కూలబడి ఏడ్చేశాను. సంతోషానికే. ఓనరు రుమాలొకటి ఏరి ఇచ్చాడు. ఆ రోజు వాన తగ్గాక కూడా ఎవరూ కదల్లేదు.

ఇంటికి నడుస్తుంటే మళ్ళీ చినుకులు. ఒక గొడుగు కింద అక్కా బావా, ఇంకో గొడుగు కింద నేనూ నాన్నా.

"పన్నెండు వేలు ఎక్కువే," అన్నాడు వీధి చివర.

"తెలుసు నాన్నా."

"ఈసారి తొమ్మిది చాలు."

షాపు ఉంటుందా అని అడగడానికి నాకు భయమేసింది.

సోమవారం పొద్దున షాపులో పంపు మోటారు చుడుతున్నాను. నోట్లో లెక్క, చేతిలో తీగ. నాన్న కుర్చీని నా బల్ల పక్క నుంచి తీసి గుమ్మం దగ్గర, వాన కనపడేచోట వేసుకుని టీ తాగుతున్నాడు. బేకరీ ఆవిడ పిండి కలిపే మిషన్ మోటారు ఆటోలోంచి దింపించింది. నా తల మీంచి ఆయన్నే అడిగింది.

"ఎప్పటికిస్తారు పెద్దాయనా? పోయినసారి వేరే చోట చేయిస్తే పది రోజుల్లో కాలిపోయింది. మళ్ళీ కాలితే ఊరుకోను, వచ్చి గొడవ పెట్టుకుంటాను."

నాన్న టీ గుటక వేసి, గ్లాసు పక్కన పెట్టి, ఆవిడకేసి చూశాడు.

"నాకేం తెలుసమ్మా? నేను ఊరికే కూర్చున్నాను. గొడవ పెట్టుకోవాలంటే ఆవిడతో పెట్టుకోండి. షాపు ఆవిడది."

నలభై ఆరో చుట్టో, నలభై ఏడో చుట్టో వేస్తున్నాను. ఏదో గుర్తులేదు. లెక్క ఎటో ఎగిరిపోయింది. చుట్టినదంతా విప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.